పడిపోకుండా నడవడం: తాయ్‌చీలో మొదటి అడుగు

ప్రతి అడుగులోనూ మీరు పడిపోబోయి తప్పించుకుంటున్నారంటే నమ్ముతారా? మామూలుగా నడుస్తూ, ముందుకు చాచిన కాలు ఇంకా నేలను తాకకముందే ఠక్కున ఆగడానికి ప్రయత్నించండి. శరీరం ముందుకు తూలుతుంది.

కారణం తేలికే. మనిషి నిటారుగా నిలబడినప్పుడు అతని గరిమనాభి బొడ్డుకు కొంచెం దిగువన, శరీరం లోపల ఉంటుంది. దాని నుంచి నిట్టనిలువుగా కిందికి గీసిన గీత పాదాల మీదగాని, వాటి మధ్యనున్న చోటగాని పడుతున్నంతవరకు మనం స్థిరంగా నిలబడతాం. నడకలో ఆ గీత ఆనివున్న పాదాన్ని దాటి ముందుకు పోతుంది. ఒళ్ళు ఒరుగుతుంది. సమయానికి రెండోకాలు వచ్చి ఆదుకుంటుంది.

ఈ ఒరగడం లేకుండా అడుగువేయడం నేర్పే విద్య చైనాలో ఉంది. అదే తాయ్‌చీ. హెనాన్ రాష్ట్రంలోని చెన్‌జియాగౌ గ్రామంలో చెన్ కుటుంబంవారు 17వ శతాబ్దం నుంచి సాధన చేస్తూ వచ్చిన యుద్ధవిద్య ఇది. 19వ శతాబ్దంలో యాంగ్ లూచాన్ అనే ఆయన ఆ ఊళ్ళో నేర్చుకుని పెకింగు నగరంలో నేర్పాడు. 1956లో చైనా క్రీడాశాఖ దీన్ని 24 భంగిమలకు కుదించి సామాన్యులకు అందుబాటులోకి తెచ్చింది. ‘అడవిగుర్రం జూలు పాయదీయడం’, ‘తెల్లకొంగ రెక్కలు విప్పడం’, ‘మేఘాలవలె చేతులు కదపడం’ – వాటి పేర్లు ఇలా ఉంటాయి. చేతుల సంగతి తరవాత. ముందు కాళ్ళు.

చెప్పులు విడిచి, జారని నేలమీద నిలబడండి. పాదాలు భుజాలంత ఎడంగా ఉండాలి. మోకాళ్ళు కొద్దిగా వంచండి, భుజాలు వదిలేయండి. ఇప్పుడు ఒక బిందెలోని నీళ్ళు మరో బిందెలోకి ఒంపినట్లు, బరువంతా మెల్లగా కుడికాలిమీదికి మార్చండి. తాయ్‌చీ భాషలో బరువున్న కాలు ‘నిండు’, లేనిది ‘ఖాళీ’. ఖాళీ అయిన ఎడమకాలును కొంచెం ముందుకు, కొంచెం పక్కకు జరిపి మడమ మాత్రం ఆనించండి. బరువు వేయవద్దు.

ఇక్కడే పరీక్ష. నడుము, తల కదలకుండా ఆ కాలును వెనక్కి తీసుకోగలరా? తీసుకోగలిగితే సరిగ్గా వేసినట్లే. తీసుకోలేకపోతే అడుగు పెద్దదైంది, చిన్నది చేయండి. ఆ తరవాతే పాదం పూర్తిగా ఆనించి, బరువును ముందుకు ఒంపండి. మోకాలు కాలివేళ్ళ దిశలోనే వంగాలి, వేళ్ళను దాటి పోకూడదు. మోకాలిని పక్కకు మెలిపెడితే కీలు దెబ్బతింటుంది. ఊపిరి బిగబట్టకండి.

ఇంత నెమ్మది ఎందుకంటారా? స్లో సైకిల్ పందెంలో ఎందరు కాలు కింద పెట్టేస్తారో మీకు తెలుసు. వేగం ఉంటే చిన్న చిన్న తప్పులు దానిలో కొట్టుకుపోతాయి. నెమ్మదిలో ప్రతి తప్పూ బయటపడుతుంది. పైగా వంచిన ఒక్క కాలే శరీరం బరువునంతా కొన్ని సెకన్లు మోయాలి. పది అడుగులు వేసేసరికి తొడలు చెబుతాయి!

చైనా గురువులు బొడ్డు కిందనున్న ‘దాన్‌తియన్’ అనే చోట మనసు నిలపమంటారు. అక్కడ ప్రాణశక్తి ఉందన్నది వారి నమ్మకం. దాన్ని మనం కొలవలేం. కాని గరిమనాభి ఉన్నదీ ఇంచుమించు అక్కడే. ఇది కాకతాళీయమని నాకనిపించదు.

ఇప్పుడు గోడ పక్కన ఒంటికాలిపై నిలబడి కళ్ళు మూయండి. వెంటనే ఊగుతారు. కళ్ళు, లోపలిచెవిలోని అర్ధవర్తుల కుల్యలు, అరికాళ్ళు, కీళ్ళు – వీటినుంచి వచ్చే వార్తలను కలిపి మెదడు మనను నిలబెడుతుంది. వయసు మీరేకొద్దీ ఆ వార్తలన్నీ మందగిస్తాయి. తాతగార్లు, నాయనమ్మలు స్నానాలగదిలో జారిపడి తుంటియెముక విరగ్గొట్టుకునేది అందుకే.

2012లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో పార్కిన్సన్ వ్యాధి ఉన్న 195 మందిపై జరిపిన పరిశోధన వివరాలు వెలువడ్డాయి. వారిని మూడు జట్లు చేసి, 24 వారాలపాటు వారానికి రెండుసార్లు వ్యాయామం చేయించారు. ఒళ్ళు సాగదీసే వ్యాయామాలు చేసిన జట్టుకంటే తాయ్‌చీ జట్టువారు తక్కువసార్లు పడ్డారు. వ్యాధి నయం కాలేదు, నిలకడ పెరిగింది.

మీ ఇంట్లో పెద్దలకు ఈ అడుగు నేర్పదలిస్తే ముందు డాక్టరునడగండి. బరువైన కుర్చీ వెనకభాగాన్ని వారిచేత పట్టించి, మీరు పక్కనే నిలబడండి. మొదట్లో ముందుకు అడుగు వద్దు. కుడినుంచి ఎడమకు, ఎడమనుంచి కుడికి బరువు ఒంపడం ఒక్కటే చాలు.