ప్రేగులోని బుడిపెలు

మన పెద్దప్రేగు సుమారు 5 అడుగుల పొడవు గల గొట్టము. దాని లోపొరయందలి కణములు నిత్యము రాలిపోవుచు, వాని స్థానమున క్రొత్తవి పుట్టుచుండును. ఈ పెరుగుదల క్రమము తప్పినచోట చిన్న బుడిపె లేచును. దీనినే వైద్యులు పాలిప్ అందురు. కొన్ని పుట్టగొడుగువలె కాడతో నిలుచును; కొన్ని పొరను అంటుకొని బల్లపరుపుగా నుండును.

పాలిప్ అనగానే క్యాన్సర్ అని భయపడరాదు. వీనిలో పెక్కు రకములు గలవు. ముఖ్యమైనవి నాలుగు.

1. హైపర్‌ప్లాస్టిక్ పాలిప్: ప్రేగు చివరి భాగమున కనబడు ఈ చిన్న బుడిపెలు సాధారణముగా హాని చేయవు.

2. వాపువలన కలుగునది: ప్రేగులో దీర్ఘకాలము పుండ్లున్నవారికి వచ్చును. బుడిపెకంటె దానికి మూలమైన వ్యాధినే ఎక్కువగా కనిపెట్టి యుండవలెను.

3. అడినోమా: పెక్కు క్యాన్సర్లకు మొదలు ఇదియే. 10 మిల్లీమీటర్లు గాని, అంతకు మించి గాని పెరిగినవియు, వ్రేళ్ళవంటి మొలకలు గల విల్లస్ రకమువియు అధికముగా అపాయకరములు.

4. సెరేటెడ్ పాలిప్: సూక్ష్మదర్శినిలో రంపపు పళ్ళవలె కనబడును. బల్లపరుపుగా నుండు రకము పరీక్షలో సులభముగా కంటబడదు. అది క్యాన్సరుగా మారవచ్చును.

అడినోమాలలో అధికభాగము క్యాన్సరుగా మారవు. మారునవియు సాధారణముగా 10 సంవత్సరములో, అంతకు మించియో పట్టును. ఆ వ్యవధిలో బుడిపెను తీసివేసినచో ముప్పు చాలవరకు తొలగును. 1969లో న్యూయార్కు నగరమున హిరోమి షిన్యా, విలియం వుల్ఫ్ అను వైద్యులు పొట్ట కోయకయే, గొట్టపు పరికరముతో తీగ ఉచ్చును లోనికి పంపి పాలిప్‌ను తొలగించిరి. నేడు కొలనోస్కోపీ పరీక్షలో ఇది సాధారణ చికిత్స.

కొన్ని కుటుంబములలో యౌవనారంభముననే వందలకొలది అడినోమాలు పుట్టు వంశవ్యాధి కలదు. చికిత్స లేనిచో క్యాన్సర్ దాదాపు తప్పదు. కావున దగ్గరి రక్తసంబంధులకు ప్రేగు క్యాన్సర్ వచ్చియున్నచో, ఆ సంగతి వైద్యునికి తప్పక తెలుపవలెను.

పాలిప్ తరచు నొప్పి కలిగింపదు. మలమున రక్తము కనబడినను, మొలలని తలచి సిగ్గుచే దాచుకొనువారు పలువురు. తల్లిదండ్రులకు మా మనవి: ఈ విషయమున సిగ్గు తగదు. విద్యార్థులారా! ఇంటి పెద్దలకు ఈ పాఠము చదివి వినిపింపుడు. ఆసుపత్రిలో ఇచటి రాష్ట్రభాషలో మాటాడుటకు వారు జంకినచో, తోడుగా వెళ్ళి వారి బాధను వైద్యునికి విడమరచి చెప్పుడు.