భూగర్భ విద్యుత్తు

వీధి స్తంభం మీది తీగ తెగితే దారిన పోయేవారికి కూడా తెలుస్తుంది. భూమిలో పూడ్చిన కేబుల్ లోలోపల చెడిపోతుంటే ఎవరికీ తెలియదు. కనిపించని దానిని పరీక్షించడం ఎట్లా? భూగర్భ కేబుళ్ల పరిశోధనలో మొదటినుండీ ఎదురైన ప్రశ్న ఇదే.

1864లో ఇంగ్లండులో జన్మించిన సెబాస్టియన్ జియాని డి ఫెరాంటి, థేమ్స్ నదీతీరాన ఉన్న డెట్‌ఫర్డ్ విద్యుత్కేంద్రం నుండి లండన్ నగరానికి 10,000 వోల్టుల విద్యుత్తును భూగర్భ మార్గాన అందించాలని సంకల్పించాడు. ఒకదానిలో ఒకటి అమర్చిన రాగి గొట్టాల నడుమ, మైనంలో నానిన కాగితాన్ని విద్యుద్బంధకంగా వాడాడు. ఇంత వోల్టేజి ప్రాణాంతకమని పలువురు శంకించారు. వారి సందేహం తీర్చడానికి, విద్యుత్తు ప్రవహిస్తున్న కేబుల్‌లోకి ఉలిని దిగగొట్టించాడు. ఉలి పట్టుకొన్న సహాయకునికి ఏ హానీ కలుగలేదు. వెలుపలి గొట్టాన్ని భూమితో సంధానించడమే అందుకు కారణం.

అయితే ఆ కేబుల్ ఇంజనీర్లకు మరొక వింతను చూపింది. వాడకం తక్కువగా ఉన్నప్పుడు, విద్యుత్తును పంపిన చోటికంటె అందుకొన్న చోట వోల్టేజి అధికంగా ఉన్నది. కేబుల్ తానే ఒక కెపాసిటర్ వలె విద్యుదావేశాన్ని నిలువచేసుకోవడం దీనికి మూలం. దీనినే 'ఫెరాంటి ప్రభావం' అంటారు.

ఇంతకంటె ఉద్ధృతమైనది 'సర్జ్'. పిడుగు పడినప్పుడు, స్విచ్చులు వేసి తీసినప్పుడు వోల్టేజి క్షణంలో పదిలక్షలవ వంతుల కాలంలోనే ఉవ్వెత్తున లేస్తుంది. ఆ తరంగం కేబుల్‌లో ప్రవేశించి, తెరచి ఉన్న కొనను తాకినప్పుడు, గోడకు కొట్టుకొన్న అల వలె ఎగసి దాదాపు రెట్టింపవుతుంది. జింక్ ఆక్సైడుతో చేసిన సర్జ్ అరెస్టర్లు ఆ ఉద్ధృతిని భూమిలోకి మళ్ళిస్తాయి.

తరువాతి కాలంలో కాగితం స్థానంలో పాలిథిలీన్ వాడుకలోకి వచ్చింది. తేమ, వోల్టేజి కలిసి పనిచేసినచోట ఆ పదార్థంలో చెట్టుకొమ్మల వంటి సూక్ష్మరూపాలు పెరగడాన్ని 1960వ దశకం చివరి నుండి పరిశోధకులు గమనించారు. వీటిని 'నీటివృక్షాలు' అన్నారు. ఏళ్ల తరబడి మౌనంగా పెరిగే ఈ బలహీనత, ఒక్క సర్జ్ తాకిడికి కేబుల్‌ను ఛేదించే పగులుగా మారవచ్చు.

కేబుల్ దృఢత్వాన్ని తెలుసుకోవడానికి అధిక ఏకముఖ వోల్టేజితో పరీక్షించడం చిరకాలపు ఆచారం. పాతబడిన పాలిథిలీన్ కేబుళ్లలో ఆ పరీక్షవల్ల విద్యుదావేశం చిక్కుకొని మిగిలిపోతుందని, పరీక్షలో నెగ్గిన కేబుల్ కూడా తిరిగి వాడకంలోకి రాగానే విఫలం కావచ్చునని 1990వ దశకపు పరిశోధనలు తెలిపాయి. అందుకే, పది సెకన్లకు ఒక్క ఆవర్తనం మాత్రమే పూర్తిచేసే ఏకాంతర వోల్టేజితో పరీక్షించే పద్ధతి ప్రాచుర్యం పొందింది.

కేబుల్ మనిషికి హాని చేయదని ఫెరాంటి నిరూపించవలసి వచ్చింది. తన పరీక్ష కేబుల్‌కు హాని చేయదని నిరూపించడం నేటి పరిశోధకుని బాధ్యత.

ప్రశ్నలు
1. ఉలి పట్టుకొన్న సహాయకునికి హాని కలుగకపోవడానికి కారణమేమి?
2. పరీక్షలో నెగ్గిన కేబుల్ విఫలం కావడాన్ని వివరించండి.