నేలలో కలిమి - పండులో లేమి
(ఫలవృక్షాలకు కాల్షియం పోషణ)

సున్నం అనగానే మనకు గోడ, తాంబూలం గుర్తుకు వస్తాయి. ఆ సున్నంలోని ప్రధాన మూలకమే కాల్షియం. 1808లో హంఫ్రీ డేవీ దానిని లోహరూపంలో వేరుచేశాడు. మన ఎముకలకు అది ఎంత అవసరమో, చెట్టున పండే కాయకూ అంతే అవసరం. ఇటుకల మధ్య గచ్చువలె, కణానికీ కణానికీ నడుమ పెక్టిన్‌తో కలసి అది బంధమై నిలుస్తుంది. ఆ బంధం సడలితే పండు త్వరగా మెత్తబడుతుంది, నిలువ ఉండదు.

ఈ లోపానికి గురుతులు పంటను బట్టి మారుతాయి. ఆపిల్ పండులో తొక్క కింద గోధుమరంగు చేదు మచ్చలు పుడతాయి. వృక్షశాస్త్రరీత్యా ఫలమే అయిన టమోటాలో కాయ అడుగుభాగం నల్లబడి కుళ్లుతుంది. 100 గ్రాముల ఆపిల్ గుజ్జులో కాల్షియం సుమారు 5 మిల్లీగ్రాములకు తగ్గితే ఆ పండు నిలువకు పనికిరాదని శాస్త్రజ్ఞులు భావిస్తారు. అదే చెట్టు ఆకులలో కాల్షియం అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది!

ఈ వింతకు కారణమేమి? కాల్షియం నీటితోపాటు దారువు గుండా పైకి ప్రయాణిస్తుంది. ఎక్కడ నీరు ఎక్కువగా ఆవిరి అవుతుందో అక్కడికే ఎక్కువగా చేరుతుంది. ఆకు విస్తారంగా నీటిని ఆవిరి చేస్తుంది. కాయ స్వల్పంగా చేస్తుంది. ఒకసారి ఆకును చేరిన కాల్షియం తిరిగి పోషక కణజాలం ద్వారా కాయకు రావడం బహు తక్కువ. గాదె నిండా గింజలున్నా, కంచంలోకి రానిదే ఆకలి తీరదు గదా!

కనుక లోపం కనిపించగానే నేలకు సున్నం వేయడం వివేకం కాదు. రాయలసీమలో సున్నం పాలు హెచ్చుగా గల నేలలు అనేకం. అటువంటి నేలల్లోని చీనీ తోటలలో లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి పాలిపోవడం మనం చూస్తూనే ఉన్నాం. అది ఇనుపధాతు లోపం. అక్కడ సున్నం ఇంకా చేర్చితే ఆ లోపం ముదురుతుంది, రైతు ధనమూ వృథా అవుతుంది. ఆమ్ల నేలలకు సున్నం, చౌడు నేలలకు జిప్సం తగినవి. ఏది తగునో భూసార పరీక్షయే చెప్పాలి.

మరి రైతు చేయదగినదేమి? మొదటిది, నీటిని క్రమంగా ఇవ్వడం. ఒకసారి ఎండగట్టి, మరొకసారి ముంచెత్తితే కాల్షియం ప్రవాహం తెగిపోతుంది. పాదులో ఎండుగడ్డి పరిస్తే తేమ నిలుస్తుంది. రెండవది, నత్రజనిని మితంగా వాడడం. అది మితిమీరితే ఆకు ఏపుగా పెరిగి కాయ వాటాను తానే లాగుకొంటుంది. అమ్మోనియా ఎరువులు, పొటాష్ అధికమైతే వేళ్లవద్దనే కాల్షియానికి పోటీ ఏర్పడుతుంది. మూడవది, పిచికారీ. మందు ఆకులపై కాక కాయలపై పడాలి. కాయ లేతగా ఉన్నప్పటి నుండే ఆరంభించి, కొన్నిసార్లు చేయాలి. కాల్షియం క్లోరైడును లీటరు నీటికి 5 గ్రాములకు మించనీయక, ముందు ఒకటి రెండు చెట్లపై పరీక్షించి, ఎండ తగ్గిన తరువాత చల్లాలి. లేనిచో ఆకులు మాడిపోతాయి. కాల్షియం నైట్రేటును భాస్వరపు ఎరువులతోగాని, సల్ఫేటులతోగాని ఒకే తొట్టిలో గాఢంగా కలుపరాదు. కలిపితే కరగని మడ్డి అడుగున పేరుకొని, బిందుసేద్యపు గొట్టాలు పూడుకొంటాయి.

మన విద్యార్థులలో పలువురు సేద్యపు కుటుంబాల నుండి వచ్చినవారే. ఇంట పెద్దలు సున్నపు బస్తా కొనబోయే ముందు, "నేలను పరీక్ష చేయించామా? తోటకు నీరు వేళకు అందుతున్నదా?" అని వినయంగా అడిగితే చాలు. నేలలో కలిమి ఉన్నంత మాత్రాన ఫలం పుష్టిగా ఉండదు. ఆ కలిమి కాయకు వేళకు చేరాలి. చేర్చే పని మన చేతిలో ఉన్నది.