మేకు కొట్టకుండా ఇంటికి అందం

ప్రశ్న: అద్దె ఇంట్లో ఉంటున్నాం. గోడకు మేకు కొట్టొద్దని ఓనరు షరతు. ఇద్దరు చిన్నపిల్లలు. తక్కువ ఖర్చులో ఇల్లు మాదనిపించేలా మార్చుకోవచ్చా?

జవాబు: బీరువా తెరిస్తే సగం పని అయిపోతుంది. ఐదున్నర మీటర్ల పాత నూలు చీరలో ఏడడుగుల గుమ్మానికి మడతలతో కలిపి రెండు కర్టెన్లు వస్తాయి. ఇంకా మీటరు గుడ్డ మిగులుతుంది. అందులో 16 అంగుళాల దిండు గలీబులు రెండు కుట్టించవచ్చు. జరీ అంచు నిలువుగా పక్కలకు వచ్చేలా కుట్టిస్తే కర్టెన్ నిండుగా కనిపిస్తుంది. గుమ్మం చట్రానికి బిగించే స్ప్రింగు రాడ్డు ఉంటే మేకుతో పనే లేదు.

అంటించే హుక్కులు మాత్రం సున్నం గోడకు వద్దు. పొరతో సహా ఊడొస్తాయి. పటాలను అలమర మీద గోడకు ఆనించి నిలబెడితే సరి.

కొత్తగా కొనాలంటే పెడన కలంకారీ గుడ్డ ముక్క చాలు. చెక్క అచ్చులతో అద్దిన ఆ బట్టను అట్టకు బిగించి కడితే గోడపటమే. అంకుడు కర్రతో, లక్క రంగులతో చేసే ఏటికొప్పాక బొమ్మలు రెండు మూడు పక్కన పెట్టండి. వీటికి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

పిల్లల ఎత్తును తలుపు మీద గీయకుండా, పొడవాటి గుడ్డపట్టీ మీద తేదీతో రాయించండి. ఇల్లు మారే రోజున చుట్టి సంచిలో వేసుకోవచ్చు.