గర్భసంచి మూతి

సంక్రాంతికి గంపలగూడెం వెళ్లినప్పుడు పిన్ని అడిగింది, "ఆడపిల్లలకి క్యాన్సర్ రాకుండా ఏదో టీకా ఉందంటగా, మన చిన్నదానికి వేయించనా?" అని. చిన్నదంటే మా చెల్లి. దానికి పదమూడేళ్లు.

నేను 'సర్విక్స్' దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాను. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం కదా, ఆ మాటకి తెలుగు తెలీదు. ఫోన్లో చూస్తే 'గర్భాశయ ముఖద్వారం' అని వచ్చింది. చదివి వినిపించినా పిన్నికి అర్థం కాలేదు. పక్కనే కందిపప్పు ఏరుతున్న అమ్మమ్మ, "గర్భసంచి మూతి అని చెప్పవే" అంది.

వెంటనే ఆవిడే, "ఆ సూదులేగా, ఖమ్మం వైపు పిల్లలకి వేస్తే గొడవైంది? వద్దులే" అని తేల్చేసింది. మా మండలం దాటితే ఖమ్మం జిల్లానే. ఉత్త పుకారు అనుకుని వెతికాను. నిజంగానే జరిగింది.

2009లో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గార్డాసిల్ అనే హెచ్‌పీవీ టీకా వేయించాయి. వాళ్లలో హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు చాలామంది. తర్వాత కొందరు అమ్మాయిలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. విచారణలో ఆ మరణాలకి పాముకాటు, నీళ్లలో మునగడం, పురుగుమందు, మలేరియా లాంటి కారణాలు చెప్పారు. టీకా వల్లే అని తేలలేదు. కానీ ఇంకో సంగతి బయటపడింది. చాలా అనుమతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

మనం యాప్ వేసుకునేటప్పుడు చదవకుండానే 'ఐ అగ్రీ' నొక్కేస్తాం. అక్కడ ఆ బటన్ కూడా వేరేవాళ్లే నొక్కారు. అమ్మమ్మ భయానికి కారణం ఉంది మరి. సూది వేశారు, చెప్పాల్సింది చెప్పలేదు. అందుకే ఆ రాత్రి అందరం కూర్చున్నాక నాకు తెలిసింది చెప్పాను.

ఈ క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ అనే వైరస్ వల్లే వస్తుంది. ఆ సంబంధం కనిపెట్టిన హరాల్డ్ జుర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ ఇచ్చారు. వైరస్ లైంగిక సంబంధం ద్వారా అంటుతుంది. భర్త నుంచి కూడా రావచ్చు, కాబట్టి వచ్చినవాళ్లని తప్పుపట్టడానికేమీ లేదు. చాలామందిలో రెండేళ్లలోపు దానంతటదే పోతుంది. కొద్దిమందిలో ఉండిపోయి, గర్భసంచి మూతి దగ్గరి కణాల్ని మెల్లగా మారుస్తుంది. క్యాన్సర్ అవ్వడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. పట్టుకోవడానికి అంత టైం ఉన్నా, 2022లో మన దేశంలో దీనితో సుమారు 80,000 మంది చనిపోయారని అంచనా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో 30-49 ఏళ్ల ఆడవాళ్లలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు.

టీకాకి మంచి వయసు 9 నుంచి 14. వైరస్ తగలకముందు వేస్తేనే బాగా పనిచేస్తుంది. ఆ వయసులో ఒక డోసు గానీ, ఆరు నెలల తేడాతో రెండు డోసులు గానీ ఇస్తారు. ఒక్క డోసుతోనూ మంచి రక్షణ ఉంటుందని 2022లో డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది. 2023లో మన దేశంలో తయారైన సెర్వావాక్ కూడా వచ్చింది. వేశాక చెయ్యి నొప్పి, కొంచెం జ్వరం రావచ్చు. కళ్లు తిరగొచ్చని కాసేపు కూర్చోబెడతారు.

30 దాటినవాళ్లకి పరీక్ష ముఖ్యం. గర్భసంచి మూతికి పల్చని ఎసిటిక్ యాసిడ్, అంటే వెనిగర్ లాంటిది, రాసి ఒక నిమిషం ఆగి చూస్తారు. కణాలు మారిన చోటు తెల్లబడుతుంది. తెల్లబడితే క్యాన్సర్ అని కాదు, ఇంకా చూడాలని అర్థం. టీకా వేయించుకున్నా పెద్దయ్యాక ఈ పరీక్ష మానకూడదు. కలయిక తర్వాత రక్తం, వాసనతో తెల్లబట్ట, ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపిస్తే ఏ వయసైనా డాక్టర్‌కి చూపించుకోవాలి.

ఆ చివరి మాట దగ్గర అమ్మమ్మ పప్పు చేట పక్కన పెట్టేసింది. "మా చెల్లెలికి అట్టాగే అయింది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలా. బాగా ముదిరాక తెలిసింది" అంది. ఆవిడకో చెల్లెలు ఉండేదని నాకు అప్పటిదాకా తెలీదు.

కాసేపటికి పిన్ని, "ముందు నేను పరీక్ష చేయించుకుంటా. దాని టీకా గురించి కూడా అక్కడే అడుగుతా" అంది. "మరి నన్నెవరూ అడగరా?" అంది చెల్లి. నిజమే కదా! దానికి మళ్లీ మొదట్నుంచీ చెప్పాను. సూది నొప్పెడుతుందా అన్న ప్రశ్నతో కలిపి ఆరు ప్రశ్నలు అడిగి, సరే అంది.

ఈసారి ఇంటికెళ్లినప్పుడు మీరూ చెప్పండి, అబ్బాయిలు కూడా. ముందు మీ ఊళ్లో దాన్ని ఏమంటారో అమ్మమ్మని అడగండి.