డ్యూటీ దిగాక

పల్నాడు నుంచి వెళ్ళి ఫిరంగి దళంలో గన్నర్‌గా చేరి, సుబేదారుగా దిగినవాణ్ణి. డెబ్బై దాటాయి. మా చుట్టుపక్కల ఊళ్ళకు రిటైరై వస్తున్న కుర్రాళ్ళు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి కూర్చుంటారు. కాసేపు పెన్షన్ మాటలయ్యాక అసలు సంగతికి వస్తారు. “అంత చూశాక కూడా దేవుణ్ణి నమ్ముతున్నారా సార్? ఇంటికొచ్చాక మీకు పొద్దెలా గడిచింది? మనల్ని ఎవరైనా తలుచుకుంటారంటారా?” వాళ్ళకు చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

1. దేవుడి దగ్గర హాజరు

సైన్యంలో గుడికి వెళ్ళడం కూడా పెరేడే. ఆదివారం పొద్దున ‘మందిర్ పెరేడ్’ అంటే అందరూ వరసగా వెళ్ళి కూర్చోవలసిందే. పూజ చేయించే ధర్మగురువు కూడా సైన్యం మనిషే, జూనియర్ కమిషన్డ్ ఆఫీసరు (జేసీఓ). జవాన్లది ఏ మతమైతే ఆ పూట ఆఫీసరుదీ అదే. మా కమాండింగ్ ఆఫీసరు ఒకాయన క్రైస్తవుడు. బూట్లు విప్పి మాతోపాటు నేలమీద కూర్చుని హారతి కళ్ళకద్దుకునేవారు. ఆ తర్వాత ఇంకో పోస్టింగ్‌లో సర్వధర్మస్థల్ చూశాను. ఒకే కప్పు కింద అన్ని మతాల ప్రార్థనలూ జరిగేవి. మతం పేరుతో ఊళ్ళో ఎవరైనా గొంతు పెంచినప్పుడల్లా నాకు ఆ గది గుర్తొస్తుంది. ఆ గదిలో మోకాళ్ళమీద కూర్చున్నవాళ్ళందరూ మర్నాడు ఒకరి ప్రాణానికి ఒకరు పూచీ.

పదాతి దళాలకు తమ రెజిమెంటు జెండా పూజ్యం. గన్నర్లకు గన్నే జెండా. దసరాకి మా గన్నులకు బొట్టుపెట్టి, దండవేసి, కొబ్బరికాయ కొట్టేవాళ్ళం.

1971 డిసెంబరులో పశ్చిమ సరిహద్దులో ఉన్నాం. మా గన్ పొజిషన్ మీద షెల్లింగ్ మొదలైంది. నా పక్కన ఉన్నది కందుకూరు వైపు కుర్రాడు. అతను మాలకొండ నరసింహస్వామిని తలుచుకుంటున్నాడు, నేను మా అంకాళమ్మ తల్లిని. అతను పోయాడు. నేను మిగిలాను. అతని మొక్కు బలం తక్కువని, నాది ఎక్కువని ఎలా అనుకోను? ఆ ప్రశ్నతో చాలా ఏళ్ళు నలిగాను. దేవుడి దగ్గరికి వెళ్ళడం మాత్రం మానలేదు. అడగడం మానేశాను. ఇప్పటికీ అమ్మవారి ముందు నిలబడి వచ్చానని చెప్పుకుంటాను, అతని పేరూ చెబుతాను. నా భక్తి అంతే.

2. ఇంట్లో పెరేడ్ పెట్టకండి

బయటివాళ్ళకు రిటైర్మెంటంటే అరవై ఏళ్ళ మాట. సిపాయి నలభై దాటకుండానే పెట్టె సర్దుకుంటాడు. అప్పటికి పిల్లలు ఇంకా బళ్ళోనే ఉంటారు, చెల్లెలి పెళ్ళి అప్పు తీరి ఉండదు. అందుకని రెండో ఉద్యోగం తప్పదు. బ్యాంకు దగ్గర తుపాకి పట్టుకుని నిలబడినా, ఫ్యాక్టరీ గేటు కాసినా అందులో చిన్నతనమేమీ లేదు. నిన్న సరిహద్దు కాసిన ఒళ్ళే అది.

ఇల్లు మాత్రం మీరు లేకుండానే నడవడం నేర్చుకుని ఉంటుంది. పాలవాడి లెక్క, పొలం కౌలు, పిల్లాడి జ్వరం, అత్తమామల మందులు అన్నీ మీ భార్యే చూసుకుంది. వచ్చిన మర్నాటినుంచే ఆ ఇంటికి కమాండరు కావాలని చూడకండి. ఆమె ఏ పని అప్పగిస్తే అది చేయండి. నాకు మొదట అప్పగించింది రేషను తేవడం, గేదెకు మేత వేయడం. ఆ పనుల్లోనే ఊరు నన్ను మళ్ళీ పలకరించింది.

3. ఆమె పేరు సరిగ్గా ఉందా?

దీనిమీద కాస్త ఎక్కువ రాస్తాను. గుర్తుండిపోవడం గురించి పెద్ద మాటలు మాట్లాడే మనమే, మన భార్య పేరు రికార్డు ఆఫీసులో ఎలా ఉందో చూసుకోం.

తెలుగువాళ్ళ పేర్లతో సైన్యంలో తిప్పలు చాలా ఉంటాయి. మన ఇంటిపేరు ముందుంటుంది, అక్కడి ఫారంలో చివర అడుగుతారు. పెళ్ళినాటికి ఆమె వెంకట సుబ్బమ్మ. సర్వీసు రికార్డుకెక్కే పార్ట్ టూ ఆర్డర్ రాయించిన రోజు తొందరలో సుబ్బమ్మ అవుతుంది. ఆధార్‌లో సుబ్బలక్ష్మి. బ్యాంకులో ఇంటిపేరు పొడి అక్షరాల్లో. భర్త బతికున్నంతకాలం ఈ తేడా ఎవరికీ అడ్డురాదు. ఆయన పోయాకే ఫ్యామిలీ పెన్షన్ కోసం ఆమె కౌంటరు ముందు నిలబడి, ఆ నాలుగు పేర్లూ తనవేనని రుజువు చేసుకోవాలి. అరవై ఐదేళ్ళ మనిషి, భర్త పోయిన దుఃఖంలో, కొడుకు సెలవు దొరక్క రాలేక, అఫిడవిట్ చేతబట్టుకుని తిరగడం నేను దగ్గరుండి చూశాను. ఆమె భర్త దేశానికి తన వయసంతా ఇచ్చాడు.

అందుకని తమ్ముళ్ళూ, ఈ నెలలోనే కూర్చోండి. డిశ్చార్జి బుక్కు, పెన్షన్ ఆర్డరు (పీపీఓ), ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు నాలుగూ పక్కపక్కన పెట్టి, ఆమె పేరు, పుట్టిన తేదీ ఒక్క అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళండి. రికార్డు ఆఫీసుకు ఏ కాగితాలు పంపాలో వాళ్ళు చెబుతారు. మా గన్నర్లకైతే ఆ రికార్డు ఆఫీసు నాసిక్ రోడ్డులో ఉంది. పెన్షన్ ఖాతా ఇద్దరి పేరా జాయింటుగా పెట్టండి. ఇప్పుడు పెన్షన్ స్పర్శ్ అనే ఆన్‌లైన్ పోర్టల్ నుంచి వస్తోంది కాబట్టి దాని లాగిన్ ఆమెకూ తెలియాలి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఎలా ఇవ్వాలో, వైద్యానికి వాడే ఈసీహెచ్ఎస్ కార్డు ఎక్కడుందో, ముందే ఒకేసారి సొమ్ముగా తీసుకున్న (కమ్యూట్ చేసిన) భాగం 15 ఏళ్ళకు తిరిగి పెన్షన్‌లో కలవాలన్న సంగతి, అన్నీ ఒక నోటుబుక్కులో తెలుగులో రాసి ఆమె చేతికివ్వండి. అందులో ఏది ఎక్కడుందో ఆమెతోనే చెప్పించుకోండి.

4. రిటైర్మెంటు లేని ఇద్దరు

సిక్కింలో నాథులా దగ్గర బాబా హర్భజన్ సింగ్ మందిరం ఉంది. ఆయన పంజాబ్ రెజిమెంట్ సిపాయి, 1968లో అక్కడే పోయాడు. సరిహద్దులో ఇంకా కాపలా కాస్తున్నాడని జవాన్ల నమ్మకం. ఆయన యూనిఫారం ఇస్త్రీ చేసి పెడతారు, పక్క వేస్తారు, బూట్లు పాలిష్ చేస్తారు. చాలాకాలం ఏటా ఆయనకు సెలవు కూడా మంజూరయ్యేది. పంజాబ్‌లోని కపుర్తలా జిల్లాకు, సొంత ఊరికి, ఆయన పేరున రైల్లో బెర్తు వేసి సామాను పంపేవారు. తర్వాతి కాలంలో ఆ ప్రయాణం ఆపేశారు, మందిరంలో సేవ మాత్రం సాగుతోంది. జబ్బుపడ్డవాళ్ళకోసం జనం అక్కడ నీళ్ళ సీసాలు ఉంచి తీసుకెళతారు.

అరుణాచల్‌లో సేలా నుంచి తవాంగ్ వెళ్ళే దారిలో జస్వంత్‌గఢ్ ఉంది. 1962 నవంబరు 17న నూరానాంగ్ పోరులో ప్రాణమిచ్చిన జస్వంత్ సింగ్ రావత్‌ది ఆ చోటు. ఆయన 4వ గఢ్వాల్ రైఫిల్స్ రైఫిల్‌మన్, చనిపోయాక మహావీర చక్ర ఇచ్చారు. అక్కడ కూడా తెల్లవారుజామున టీ పెడతారు, వేళకు భోజనం పెడతారు. ఆ దారిన వెళ్ళే ఫౌజీ ఏ ర్యాంకువాడైనా ఆగి సెల్యూట్ చేస్తాడు.

నేనూ ఆగాను. నమ్మకమా, మూఢనమ్మకమా అని తర్వాత ఊళ్ళో చదువుకున్నవాళ్ళు అడిగారు. అలా పోయినవాళ్ళు రాత్రిళ్ళు గస్తీ తిరుగుతారో లేదో నేను వాదించను. అక్కడ పక్క వేసే కుర్రాణ్ణి చూశాను. ఇరవై ఏళ్ళుంటాయేమో, దుప్పటి అంచు బిగించి, ముడత సరిచేసి, కమాండర్ పక్కకిచ్చినంత శ్రద్ధ దానికీ ఇచ్చాడు. రేపు తను పోయినా ఎవరో ఒకరు ఇంతే శ్రద్ధగా తన పని చేస్తారని ఆ చేతులకు తెలుసు. ఆ ధైర్యంతోనే సైన్యం నిలబడుతుందని నాకు అక్కడ అర్థమైంది. నా దైవభక్తి కూడా ఆ రోజు కొంత బాగుపడింది.

5. కారంపూడి

తిరిగొచ్చాక చూస్తే మన పల్నాట్లో పోయిన వీరులను అలా కొలిచే పని ఎనిమిది శతాబ్దాలకు పైగా జరుగుతోంది. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో పోయినవాళ్ళకోసం కారంపూడిలో వీరుల గుడి ఉంది. కార్తీక అమావాస్యతో ఐదురోజుల ఉత్సవం మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఒక్కోరోజుకు ఒక్కో పేరు. వీరాచారం ఉన్న కుటుంబాలవాళ్ళు తమ పూర్వుల ఆయుధాలు పట్టుకుని నాగులేరు దగ్గరికి వస్తారు. చిన్నప్పుడు తిరనాళ్ళగా చూసినదాన్ని రిటైరయ్యాక వేరే కళ్ళతో చూశాను. మందపోరునాడు చాపకూడు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనూ ఒకే చాపమీద కూర్చోబెట్టాడని చెప్పుకునే బంతి అది. అందులో కూర్చుంటే మా సైన్యం వంటశాల, లంగరు గుర్తొచ్చింది.

ఆ ఆయుధాలు మోసేవాళ్ళలో రైతులున్నారు, కూలీలున్నారు. తమ వీరుడి పేరు వాళ్ళకు నోటికొచ్చు. పుస్తకం చదివి నేర్చుకోలేదు. తండ్రి భుజంమీంచి కొడుకు భుజంమీదికి ఆ ఆయుధం మారినప్పుడు పేరూ దాంతోపాటే చేరింది. ఆయుధాన్ని మోసే భుజం ఉన్నంతవరకూ ఆ వీరుడికి లోటు లేదు.

6. రాతిమీద పేరు

ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైంది. త్యాగచక్రం గోడలమీద స్వాతంత్ర్యం తర్వాత పోయిన పాతికవేలమందికి పైగా పేర్లున్నాయి. వెళ్ళి కందుకూరు కుర్రాడి పేరు వెతికి, ఆ రాయి మీద చెయ్యి పెట్టాను. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది, మిలటరీ మాధవరం అంటారు. రెండో ప్రపంచ యుద్ధానికి ఆ ఒక్క ఊరినుంచే వెయ్యిమందికి పైగా వెళ్ళారు. ఊరివాళ్ళు స్మారకం కట్టుకున్నారు. అలాంటి ఊళ్ళు తక్కువ.

మనలో చాలామంది మంచంమీదే పోతాం, మన పేరు ఏ రాతిమీదా ఉండదు. నాకు దానిమీద బెంగ లేదు. ఆ కందుకూరు కుర్రాడి ఊరికి ఏటా వెళుతుంటాను. తల్లి ఉన్నన్నాళ్ళు ఆమెకు చెప్పేవాణ్ణి, ఇప్పుడు అన్న మనవలకు చెబుతున్నాను. ఎలా పోయాడని పిల్లలు అడుగుతారు, ఎలా బతికాడో కూడా చెబుతాను. బ్యారక్‌లో ఉత్తరం రాయడం సరిగ్గా రాని తెలుగువాళ్ళందరికీ ఇన్‌లాండ్ కవర్లు అతనే రాసిపెట్టేవాడు. ఎవరి ఉత్తరమైనా చివర తన తరఫున ఒక వాక్యం చేర్చేవాడు, వాళ్ళింట్లో గేదె ఈనిందా అని. చాలా ఇళ్ళనుంచి జవాబులొచ్చాయి. ఆ సంగతి ఏ స్మారకం చెప్పదు. తెలిసినవాళ్ళలో నేనొక్కణ్ణే మిగిలాను కనుక చెప్పే పని నాది.

రిపబ్లిక్ డేకి బడివాళ్ళు పిలిచి శాలువా కప్పుతారు. కప్పించుకోండి, అది యూనిఫారానికి మర్యాద. మైకు ఇచ్చినప్పుడు మాత్రం మీ కథ కాస్త తగ్గించి, మీ ఊరినుంచి వెళ్ళి తిరిగిరానివాళ్ళ పేర్లు చదవండి.

7. ఈ ఏడాది చేయవలసిన పని

ఆ పేర్లు చదవాలంటే ముందు రాసుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాకు, ఆఫ్రికాకు వెళ్ళిన తెలుగువాళ్ళ గురించి నోటిమాటగా చెప్పగలిగినవాళ్ళు దాదాపు వెళ్ళిపోయారు. యాంగోన్ దగ్గర తౌక్యాన్ స్మారకంలో సమాధి కూడా దొరకని దాదాపు 27 వేల మంది పేర్లు చెక్కారు, అందులో మనవాళ్ళు ఎందరో. వాళ్ళ ఊళ్ళలో చాలాచోట్ల ఒక్క కాగితం లేదు. 1962, 1965, 1971 యుద్ధాలవాళ్ళ భార్యలు కొందరు ఇంకా ఉన్నారు. ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి.

మేం కొందరం మా మండలంలో మొదలుపెట్టాం. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. సర్వీసు నంబరు, ర్యాంకు, యూనిట్, చేరిన ఏడు, పోరాడిన చోటు, పోయిన తేదీ, భార్య పేరు పూర్తిగా, ఇంట్లోవాళ్ళు గుర్తుచేసుకునే సంగతి ఒకటి. నంబరు తెలియకపోతే పాత ట్రంకు పెట్టె చూడండి, మూతమీద పెయింటుతో రాసి ఉంటుంది. పతకం ఉంటే అంచు చూడండి, అక్కడ చెక్కి ఉంటుంది. ఇనుప పెట్టె పాతసామాన్లవాడికి వేసేశామని ఒక ఇంట్లో అన్నారు, మూత మాత్రం గేదెల కొట్టంలో తొట్టిమీద దొరికింది, నంబరు చదవడానికి వచ్చింది. పుస్తకం రెండు ప్రతులు తీసి ఒకటి పంచాయతీ ఆఫీసులో, ఒకటి హైస్కూల్లో పెడుతున్నాం. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం, ఈ ఏడాది ఆ రోజు పదో తరగతి పిల్లలు ఆ పేర్లు చదువుతారు. పలకడంలో తప్పు రాకుండా ఇంటిపేర్లన్నీ వాళ్ళకు నేర్పిస్తున్నాను.