ఫ్రాంచైజీ: పేరు కంపెనీది, పెట్టుబడి మీది

సూరత్ మరమగ్గాలపై పనిచేసే తెలుగువారు ఎందరో ఉన్నారు. వారిలో ఒకరు దగ్గరలోని కడోదరాలో పేరున్న కంపెనీ టీ దుకాణం తెరిచారనుకుందాం. కంపెనీ తన పేరును, తయారీ పద్ధతిని వాడుకోనిస్తుంది. ఇదే ఫ్రాంచైజీ. ఇందుకు ప్రవేశ రుసుము ఒకసారి, రాయల్టీ నెలనెలా చెల్లించాలి. రాయల్టీని సాధారణంగా లాభంపై కాక అమ్మకాలపై లెక్కిస్తారు.

ఉదాహరణ: నెల అమ్మకాలు రూ. 1,00,000. సరుకు, అద్దె, జీతాలు రూ. 97,000. మిగిలేది రూ. 3,000. రాయల్టీ 5 శాతమైతే రూ. 5,000. అంటే రూ. 2,000 నష్టం!

గమనించండి: మన దేశంలో ఫ్రాంచైజీకి ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం కింద మీ ఒప్పందమే ఆధారం. అది గుజరాతీలోనో ఇంగ్లీషులోనో ఉంటే చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం చేయండి.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి: పై దుకాణానికి నష్టం రాకూడదంటే రాయల్టీ కాక మిగతా ఖర్చు ఎంతకు మించరాదు?

జవాబు: రూ. 95,000.